కొయ్యను మఱువని రాయి: బౌద్ధుల దారునిర్మాణములు, వాని యంతరార్థము

విద్యార్థులారా! ఒకపరి మన పాఠశాల పిల్లలతో నందిగ్రామమునకు యాత్ర పోయితిమి. నందికొండ యడుగున నున్న భోగనందీశ్వరాలయము సుమారు పండ్రెండువందల యేండ్లనాటిది. అందఱును నందివిగ్రహమును, కల్యాణమండపపు స్తంభములను జూచి సంతసించుచుండగా ఒక బాలుడు మాత్రము తల పైకెత్తి, గోడ పైయంచున వంగియున్న రాతిచూరును చాలసేపు పరికించుచు నిలిచెను. ఆ చూరుమీద గుఱ్ఱపులాడము నాకారముగల చిన్నచిన్న తోరణములు వరుసగా చెక్కబడి యున్నవి. ఆ బాలుడు వడ్రంగి యింట బుట్టినవాడు. "అయ్యవారూ, ఇది కొయ్యపని కదా! రాతిలో ఎందుకు చేసినారు?" అని నన్నడిగెను.

ఆ ప్రశ్నకు నేనప్పుడు తగిన సమాధానము చెప్పజాలనైతిని. గ్రంథములు చదివినవారికంటె ఉలి పట్టిన యింటివాడు ఒక విషయమును ముందుగా గ్రహించెనని మాత్రము తెలిసికొంటిని. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా అది నందిగ్రామమునుండి గుంటుపల్లికి, అమరావతికి, అటనుండి సముద్రముల కావలనున్న జపానుదేశమునకు గొనిపోయినది. ఆ మార్గమున నేను దెలిసికొన్న సంగతులనే ఈ వ్యాసమున మీకు నివేదించుచున్నాను.

చెట్టుక్రింద పుట్టిన ధర్మము

బౌద్ధధర్మమునకును వృక్షమునకును గల సంబంధము మిక్కిలి దగ్గఱిది. సిద్ధార్థుడు లుంబినీవనమున చెట్టుక్రింద జనించెనని బౌద్ధులు చెప్పుదురు. గయచెంత అశ్వత్థవృక్షము నీడను ఆయనకు బోధి కలిగెను. కుశీనగరమున రెండు సాలవృక్షముల నడుమ ఆయన నిర్యాణము నొందెను. ఆయన శిష్యులకు మొదట విధింపబడిన నివాసముకూడ చెట్టు మొదలే. ఇల్లు విడిచి వచ్చినవానికి మరల ఇల్లెందులకు? ఇది తొలినాటి భిక్షువుల భావము.

కాని వర్షకాలము వచ్చినప్పుడు చెట్టు నీడ చాలదు. వినయపిటకములోని కథ ననుసరించి, రాజగృహనగరపు శ్రేష్ఠి యొకడు అడవులనుండియు, కొండచఱియలనుండియు వేకువను వచ్చు భిక్షువులను జూచి, వారికై వసతులు కట్టింపగోరెను. బుద్ధుడు విహారము మొదలు గుహ వఱకు ఐదువిధములైన వసతుల ననుమతించెను. శ్రేష్ఠి యొక్కదినముననే అఱువది వసతులు కట్టించెనట. ఒక్కదినమున అఱువది కట్టవలెనన్న అవి రాతిమేడలు గాజాలవు గదా! కొయ్య, వెదురు, గడ్డి, మట్టి, వీనితోడనే అవి లేచియుండవలెను. బౌద్ధుల తొలి గృహములు మన రైతుల గుడిసెలకు దాయాదులు.

ఆ గుడిసెలలో నేడొక్కటియు మిగులలేదు. చెదలు, వాన, అగ్ని వానిని మ్రింగినవి. అయినను అవి యెట్లుండెనో మనకు చక్కగా తెలియును. ఏలనగా, రాయి వానిని జ్ఞాపకముంచుకొన్నది. ఆ సంగతి చెప్పుటకు ముందు, కొయ్యను గూర్చి ఆనాటివా రేమి తలంచిరో తెలిసికొనుట యవసరము.

కొయ్యకు చెల్లింపవలసిన వెల

చెట్టును గొట్టక కొయ్యయిల్లు లేదు. ప్రాణిహింస తగదని చెప్పిన ధర్మము ఈ చిక్కును దాటవేయలేదు. వినయపిటకమున ఇట్టి కథలు పెక్కులు గలవు. అందు రెండింటిని మాత్రము చెప్పెదను.

ధనియుడను భిక్షువు కుమ్మరి కుమారుడు. అతడు గడ్డిగుడిసె వేసికొన్నప్పుడెల్ల, అతడు భిక్షకు పోయిన సమయమున గడ్డికి వచ్చినవారు దానిని పీకికొనిపోవుచుండిరి. మూడుమార్లిట్లు జరిగినపిమ్మట అతడు తన కులవిద్య నుపయోగించి మట్టియిల్లు గట్టి, కుండవలె దానిని కాల్చెను. అది యెఱ్ఱగా ముచ్చటగా నుండెను. కాని ఆ మంటలో ఎన్నియో జీవులు నశించునని బుద్ధుడు దానిని పగులగొట్టించెను. అంతట ధనియుడు బింబిసార మహారాజు కలపశాలకు పోయి, రాజిచ్చెనని చెప్పి, నగర మరమ్మతునకై దాచిన దుంగలను దెచ్చి యిల్లు కట్టుకొనెను. రాజు పిలిపించి యడుగగా, పట్టాభిషేకదినమున శ్రమణబ్రాహ్మణులకు గడ్డి, కట్టె, నీరు ఇచ్చితినని మీరే పలికితిరి గదా యని ధనియుడు బదులు చెప్పెను. అడవిలో ఎవరికిని చెందని గడ్డినిగూర్చి నేనట్లంటిని గాని కలపశాలలోని దుంగలను గూర్చి కాదని రాజు మందలించి విడిచిపెట్టెను. ఈ సందర్భముననే, ఈయనిదానిని తీసికొన్న భిక్షువు సంఘమునుండి వెలియగునను మహానియమము పుట్టినదని చెప్పుదురు. దొంగతనమును నిషేధించు ఆ నియమమునకు కారణము బంగారము కాదు, ఇంటికలప.

రెండవ కథ ఆళవి యను ఊరిది. భిక్షు వొకడు తన వసతికొఱకు చెట్టును నఱకుచుండగా దానియందలి దేవత ప్రత్యక్షమై, నీ యింటికొఱకు నా యిల్లు కూల్పవలదని ప్రార్థించెను. అతడు లెక్కసేయక నఱకగా దేవత శిశువు చేతికి దెబ్బ తగిలెను. దేవత కోపము నాపుకొని బుద్ధునితో మొఱపెట్టుకొనగా, ఆయన ఆమె సంయమమును మెచ్చుకొని వేఱొక చెట్టును చూపించి, భిక్షువులు చెట్టుచేమలను నాశనము చేయరాదని నియమ మేర్పఱచెను.

జాతకకథలలో ఈ భావము మఱింత మనోహరముగా నున్నది. భద్దసాల జాతకమున కాశీరాజైన బ్రహ్మదత్తుడు ఏకస్తంభముమీద నిలుచు మేడను గట్టింపదలచి, రాజోద్యానములోని మహాసాలవృక్షమును కొట్ట నాజ్ఞాపించెను. ఆ రాత్రి వృక్షదేవత రాజునకు కనిపించి, నన్ను కొట్టక తప్పదేని ముందు కొనను, పిమ్మట నడుమును, తుదకు మొదలును ఖండింపుడని కోరెను. ఇంత బాధాకరమైన చావు నేల కోరెదవని రాజు విస్మయముతో నడిగెను. ఒక్కపెట్టున మొదలు నఱకినచో నేను కూలునప్పుడు నా నీడలో పెరుగు చిన్నసాలవృక్షములు నలిగిపోవునని దేవత బదులు చెప్పెను. రాజు సిగ్గుపడి చెట్టును విడిచిపెట్టెను.

విద్యార్థులారా! ఈ కథలను కట్టుకథలని త్రోసివేయకుడు. ప్రతి దూలమును ఒకప్పుడు ప్రాణముతో నుండినదనియు, దానిని కొనివచ్చినవాడు దానికి తగినట్లు ప్రవర్తింపవలెననియు ఇవి బోధించుచున్నవి. కొయ్యయింటికి ఆధ్యాత్మికార్థము వచ్చినది మొదట ఇచ్చటనే.

వాసములును నడికొప్పును

ఇంటి నిర్మాణమునుండియే బుద్ధుడు ఉపమానములు దీసికొనెను. కూటాగార మనగా పైన కొప్పుగల యిల్లు. మన పూరిండ్లలో వాసములన్నియు క్రిందినుండి బయలుదేఱి నడికొప్పుచేరి యచ్చట కలిసికొనుట మీరు చూచియే యుందురు. నడికొప్పు విఱిగినచో వాసములన్నియు కూలును. అట్లే చెడుగుణములన్నియు అవిద్యయందు వచ్చి చేరుననియు, మంచిగుణములన్నియు అప్రమత్తతయందు వచ్చి చేరుననియు పాళీసూత్రములు బోధించుచున్నవి. దేహమును ఇల్లుగను, తృష్ణను దానిని మరల మరల గట్టు గృహకారునిగను భావించు రూపకము ధమ్మపదమునందు గలదు.

ఆ మాటలు వినినవారు రైతులు, కుమ్మరులు, వడ్రంగులు. వారికి వాసమన నేమో, కొప్పన నేమో వేఱుగా చెప్ప బనిలేదు. తల పైకెత్తిన చాలును, పాఠము కండ్ల యెదుటనే యుండును. కనుక పైకప్పు లోపలి వాసములు కేవలము కట్టడపు భాగములు గాక ధర్మమునకు గుర్తులు గూడ నయినవి. ఈ సంగతిని మనసున నుంచుకొని యిక రాతికట్టడముల కడకు పోవుదము.

కొయ్య రాయియైన విధము

క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున, అశోకుని కాలమున, బీహారునందలి బరాబరు కొండలలో గుహలు తొలువబడినవి. అందు లోమశఋషి గుహ ముఖద్వారము కొయ్యయింటి ముందుభాగమును అచ్చుగ్రుద్దినట్లున్నది. వంగిన కప్పు, దాని క్రింద వాసముల కొనలు, ప్రక్కల వాలిన స్తంభములు, అన్నియు రాతిలో చెక్కబడినవి. ఆ కొండలలోని గుహలు ఆజీవికులను మఱియొక మతమువారికి ఈయబడినవి. కావున ఈ రూపము బౌద్ధులకు మాత్రమే సొంతమని తలపరాదు. అది ఆనాటి దేశమంతటి వడ్రంగుల సొత్తు. దానికి గొప్ప యర్థమును గూర్చి దేశదేశములకు గొనిపోయినవారు మాత్రము బౌద్ధులు.

మన తెలుగునాట దీనికి చక్కని యుదాహరణము గుంటుపల్లి. అది నేటి ఏలూరు జిల్లా కామవరపుకోట మండలమున గలదు. అచ్చటి కొండలో క్రీస్తుపూర్వము 2వ శతాబ్ద ప్రాంతమున తొలిచిన వర్తులాకారపు చైత్యగృహ మొకటి యున్నది. లోన నడుమ రాతిస్తూపము, దానిచుట్టు ప్రదక్షిణము చేయుటకు ఇఱుకైన దారి, పైన గోపురమువలె గుండ్రని కప్పు. ఆ కప్పు లోపలిభాగమున రాతివాసములు క్రిందినుండి లేచి నడికొప్పు చేరుచున్నవి. ద్వారముపైన గుఱ్ఱపులాడపు తోరణము. కోస్తా ప్రాంతమున చుట్టిల్లని పిలువబడు గుండ్రని పూరింటిని చూచినవారు ఈ గుహలో నిలుచున్నప్పుడు తమ ముత్తాతల యింట నిలిచినట్లు భావింతురు. గ్రామస్థులు ఆ స్తూపమును ధర్మలింగేశ్వరుడని కొలుచుచున్నారు. మతము మాఱినను ప్రదక్షిణము మాఱలేదు.

ఇప్పుడొక ప్రశ్న వచ్చును. కొండను తొలిచిన గుహకు వాసము లేల? ఆ కప్పును ఏ వాసమును మోయుటలేదు. తీసివేసినను కప్పు పడదు. మఱి యంత కష్టపడి వానిని చెక్కనేల?

శిల్పులు వడ్రంగిపని నేర్చినవారగుటచే తెలిసిన రూపమునే రాతిలో దించిరని పండితులు చెప్పుదురు. అది నిజమే. కాని అంతమాత్రమే కాదనుటకు మహారాష్ట్రములోని రెండు గుహలు సాక్ష్యమిచ్చుచున్నవి. పుణే నుండి ముంబాయికి పోవు దారిలో లోణావళా చెంత భాజా, కార్లే యను గుహలు గలవు. కార్లేయందు మన శాతవాహనుల శాసనములును ఉన్నవి. ఈ చైత్యములలో రాతికప్పు లోపలివైపున నిజమైన కొయ్యవాసములనే వంచి బిగించిరి. వానిలో పెక్కులు రెండువేల యేండ్లకు పైబడియు నేటికిని నిలిచియున్నవి. కార్లేలో స్తూపముమీది కొయ్యగొడుగు కూడ నిలిచియున్నది. భాజాయందు రాతిస్తంభములు కొంచెము లోపలికి వాలియున్నవి. కొయ్యయింట కప్పు బరువు స్తంభములను బయటకు త్రోయును గనుక వానిని లోనికి వాల్చి నిలుపుట వడ్రంగి మర్యాద. కొండగుహలో ఆ త్రోపుడు లేదు. అయినను శిల్పి ఆ వాలును విడువలేదు.

రాతిని తొలువ నేర్చినవాడు కొయ్యను మోసికొనివచ్చి రాతికి తగిలించుట అలవాటు మాత్రముచేత జరుగునా? నాకు తోచిన సమాధానమిది. భక్తులకు వలసినది కప్పు గాదు. గురువు వసించిన గుడిసె. వాసములు లేనిచో అది గుహ. వాసములున్నచో అది ఆయన యిల్లు. నశించు వస్తువునందు పుట్టిన ధర్మమును నశింపని వస్తువున నిలుపవలసి వచ్చినప్పుడు, దాని పుట్టుకను దాచిపెట్టక రాతిమీద స్పష్టముగా వ్రాసియుంచిరి. సర్వము అనిత్యమని బోధించినవారు రాతిలో గూడ ఆ యనిత్యతను మఱచిపోలేదు.

ఆ గుఱ్ఱపులాడపు రూపమునకు గూడ కారణము కొయ్యయే. వెదురునుగాని సన్నని మ్రానునుగాని వంచి కప్పు వేసినప్పుడు పైబరువునకు కొనలు విచ్చుకొనును. అవి విచ్చుకొనకుండ మొదళ్ళను లోపలికి లాగి బంధింపగా తోరణము గుఱ్ఱపులాడమువలె నగును. ఆ ముఖభాగమునుండియే వెలుగు లోనికి వచ్చి స్తూపముమీద పడును. దీనినే చైత్యగవాక్ష మందురు.

అమరావతి వేదిక

గుంటుపల్లియందు కొయ్యయింటి కప్పును చూచితిమి. ఇక కృష్ణాతీరమున అమరావతియందు కొయ్యకంచెను జూతము. పూర్వము పవిత్రమైన చెట్టుచుట్టును, స్తూపముచుట్టును కొయ్యతో దడి కట్టెడివారు. నిలువున స్తంభములు, వానిమధ్య అడ్డముగా పట్టెలు, పైన ఒక దూలము. శిల్పశాస్త్రమున అడ్డపట్టెలకు సూచులనియు, పైదూలమునకు ఉష్ణీషమనియు పేర్లు. సూచి యనగా సూది. సూది గుడ్డలో దూఱినట్లు పట్టె కొన స్తంభములో తొలిచిన బెజ్జమున దూఱును. మన వడ్రంగులు కుసి దించుట యని చెప్పునది ఇదియే. మేకు లేక, జిగురు లేక కొయ్యను కొయ్యతో గలుపు పద్ధతి యది.

అమరావతి శిల్పులు పలనాటి సున్నపురాతిలో ఆ దడిని యథాతథముగా నిర్మించిరి. రాతిస్తంభములకు బెజ్జములు తొలిచి, రాతిపట్టెలను వానిలో దూర్చి, పైన రాతిదూలమును బెట్టిరి. రాతిని గలుపుటకు అది సులభమైన మార్గము గాదు. అయినను పవిత్రస్థలమునకు దడి యట్లే యుండవలెనని వారి నమ్మకము. ఆ ఫలకములమీద చెక్కిన చిత్రములలో ఆనాటి కొయ్యమేడలు, గవాక్షములు, ద్వారములు, వృక్షముల చుట్టునున్న వేదికలు మనకు కనబడుచున్నవి. కాలిపోయిన నగరముల కవి ఛాయాచిత్రములవంటివి. 1797వ సంవత్సరమున కాలిన్ మెకంజీ ఈ శిథిలములను చూచినపిమ్మట లోకమునకు వీని సంగతి తెలిసెను. నేడవి పెక్కులు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునందును, లండనులోని బ్రిటిషు మ్యూజియమునందును ఉన్నవి.

ఆ వేదిక నొక్క రాజు కట్టింపలేదు. ఒక్కొక్క ఫలకము నొక్కొక్కరు దానమిచ్చిరి. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు తమ పేర్లు చెక్కించిరి. పూర్ణఘటము చెక్కిన ఫలక మొకటి విధికుడను చర్మకారుడు తన తల్లితోను, భార్యతోను, బంధువులతోను గూడి యిచ్చినదని శాసనము చెప్పుచున్నది. కుసి బెజ్జమున దూఱి స్తంభమును స్తంభముతో గలిపినట్లు, ఆ వేదిక నానావృత్తులవారిని ఒక్క వలయమున గలిపినది. దీనికంటె కొయ్యపనికి గొప్ప యర్థ మేమి గలదు?

మన ప్రాంతమున రావిచెట్టు చుట్టు కట్టబడిన కట్టలను మీరెఱుగుదురు. గౌరీబిదనూరు చెంతనున్న విదురాశ్వత్థము అశ్వత్థవృక్షముచేతనే ఆ పేరు గాంచినది. అచ్చట వేలకొలది నాగశిలలు ప్రతిష్ఠింపబడినవి. 1938లో స్వాతంత్ర్యసమరమున ప్రాణము లర్పించినవారి జ్ఞాపకమువలన గూడ ఆ స్థలము మనకు పూజ్యము. చెట్టుచుట్టు హద్దు గట్టి, లోన ప్రదక్షిణము చేయు ఆచారము బౌద్ధులకు ముందును గలదు, తరువాతను గలదు. బోధివృక్షముచుట్టు కొయ్యవేదిక గట్టినవారు ఆ ప్రాచీనాచారమునకే నూతనార్థము నిచ్చిరి.

చేజెర్లనుండి నందివఱకు

బౌద్ధము మన దేశమున క్షీణించినపిమ్మట ఆ రూపము లేమైనవి? పలనాడులోని చేజెర్లయందు కపోతేశ్వరాలయము గలదు. ఇటుకతో గట్టిన ఆ గుడి వెనుకభాగము ఏనుగు వీపువలె గుండ్రముగా నున్నది. ఇది మొదట బౌద్ధచైత్యమై యుండెనని పండితు లనేకులు భావించుచున్నారు. దాని ముందుభాగమున పైన ఆ గుఱ్ఱపులాడపు తోరణమే యున్నది.

తరువాతి ద్రావిడశైలి దేవాలయములందు ఆ తోరణము చిన్నదై చూరుమీది కెక్కినది. స్థపతులు దానిని కూడు అందురు. మన గూడు అను మాటకది చుట్టము. గూటిలోనుండి పక్షి తొంగిచూచినట్లు కొన్ని కూడులలో గంధర్వముఖము తొంగిచూచును. అనగా అది కిటికీ యని శిల్పి మఱువలేదు. ఆ వంగిన చూరు పూరింటి చూరే. హంపీ విఠలాలయమువంటి విజయనగరపు మండపములందు రాతిచూరు అడుగుభాగమున వాసముల వరుసకూడ చెక్కబడి యుండును.

కాబట్టి ఆ బాలుని ప్రశ్నకు నా సమాధానమిది: నాయనా! నీవు చెప్పినది నిజము. అది కొయ్యపనియే. నీ వృత్తిపూర్వులు రెండువేల యేండ్ల క్రిందట వెదురు వంచి వేసిన కప్పు అది. చెట్టు పోయినది, గుడిసె పోయినది, దానిలో వసించిన భిక్షువు పోయినాడు. రూపము మాత్రము చేతినుండి చేతికి, మతమునుండి మతమునకు వచ్చి మన నందిగుడి చూరుమీద కూర్చున్నది.

జపానుదేశపు మార్గము

మన దేశమున కొయ్య రాయిగా మాఱి నిలిచినది. బౌద్ధము చీనా, కొరియాల మీదుగా జపాను చేరినపిమ్మట అచ్చట కొయ్య కొయ్యగానే నిలిచినది. ఇదెట్లు సాధ్యమయ్యెనో చూడుడు.

నారా సమీపమున హోర్యూజీ యను విహారము గలదు. దానిని షోతోకు రాకుమారుడు 607లో స్థాపించెనని చెప్పుదురు. 670లో అది దగ్ధమైనదని జపాను ప్రాచీనచరిత్ర చెప్పుచున్నది. పిమ్మట నిర్మింపబడిన మందిరములే లోకమున నేడు నిలిచియున్న కొయ్యకట్టడములలో మిక్కిలి ప్రాచీనమైనవి. అందలి ఐదంతస్తుల గోపురము మన స్తూపమునకు మనుమడు. నడుమ నొక్క మహాస్తంభము క్రిందినుండి కొనవఱకు నిలిచియున్నది. దాని మొదట ధాతువులు నిక్షేపింపబడినవి. ఆ మ్రాను 594లో కొట్టబడినదని దాని వలయములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

అచ్చటి కొయ్యకు చెదలు లేవా? అగ్ని లేదా? ఉన్నవి. కాని తరతరములుగా వడ్రంగులు దానిని విప్పి, చెడిన ముక్కను మాత్రము తీసి, క్రొత్తముక్కను చేర్చి మరల కూర్చుచున్నారు. మేకుల బలముకంటె కుసుల కూర్పే ప్రధానమైన పని గనుక విప్పుట సాధ్యము. ఆ విహారమును మరమ్మతు చేసిన స్థపతి నిషియోకా త్సునెకజు 1995లో దివంగతుడయ్యెను. ఆయన వంశమున వాగ్రూపమున వచ్చిన నియమము లున్నవి. కొండమీద దక్షిణదిశను పెరిగిన మ్రానును మందిరమున దక్షిణదిశకే వాడవలెను; వేయేండ్లు పెరిగిన చెట్టును కట్టడమున వేయేండ్లు బ్రతుకునట్లు నిలుపవలెను. ఇవి ఆ నియమముల సారము. భద్దసాలవృక్షదేవత పలుకులు ఎంతదూరము వినబడినవో చూచితిరా!

అయినను ఆపద రాకపోలేదు. 1949 జనవరి 26వ తేదీన మరమ్మతు జరుగుచున్నప్పుడే ప్రధానమందిరమున నిప్పంటుకొని అమూల్యమైన కుడ్యచిత్రములు మాడిపోయినవి. జపాను ప్రజలు దుఃఖించి యూరకుండలేదు. మఱుసటి సంవత్సరమే, 1950లో, సాంస్కృతికసంపదను రక్షించు చట్టమును చేసికొనిరి. ఆ చట్టమున వస్తువులకే గాక, శిల్పుల చేతిలోని విద్యకు గూడ రక్షణ కల్పించిరి.

మనకు మిగిలిన పని

విద్యార్థులారా! నశించుదానిని నిలుపుటకు మన పూర్వులు రెండు మార్గములు చూపిరి. రూపమును రాతికి అప్పగించుట యొకటి. విద్యను శిష్యునికి అప్పగించుట మఱియొకటి. మొదటిది మన దేశమున జరిగినది. అందుచే రూపము మిగిలినది గాని దాని యర్థమును చెప్పువారు తక్కువైరి. రెండవది జపానున జరిగినది. అందుచే రూపమును అర్థమును గూడ సజీవముగా నున్నవి.

మన యూళ్ళ పాతయిండ్లను చూడుడు. చెక్కిన ద్వారబంధములు, నడిమింటి కొయ్యస్తంభములు, బోదెలు, దూలములు ఒక్కొక్కటిగా విప్పబడి కట్టెల ధరకు పోవుచున్నవి. సిమెంటు ఇల్లు కట్టుకొనుట తప్పు గాదు. చెదపట్టిన యింటిలో కాపురముండుమని ఎవరిని నిర్బంధింపగలము? కాని స్తంభముతో గూడ దాని పేరును, దానిని నిలిపినవాని నేర్పును పాఱవేసికొనుట తప్పు. కుసి యను మాట తెలిసిన బాలుడు మన తరగతిలో ఒక్కడే యుండెను. అతని కుమారునికి ఆ మాట తెలియునా?

మఱియొక్కమాట. మనము కన్నడనాట తెలుగు చదువుకొనుచున్నవారము. బజారున కన్నడము, ఇంట తెలుగు, పుస్తకమున రెండును మనకు గలవు. మన పెద్దల మాటలును ఒకనాటి కొయ్యవాసములవంటివే. క్రొత్త రాతిలో గూడ వాని రూపమును నిలుపుకొనవచ్చునని గుంటుపల్లి శిల్పి మనకు చూపినాడు. వాడుకలో నుంచి, చెడినచోట బాగుచేసికొన్న అవి ప్రాణముతోనే యుండునని హోర్యూజీ వడ్రంగి చూపినాడు. రెండవమార్గమే మేలని నా యభిప్రాయము.

ఈ సెలవులలో చేయవలసిన పనులు:

1. మీ యూరిలోని యొక పాతయింటి ద్వారబంధమును, స్తంభమును పరిశీలించి, బొమ్మ గీసి, ప్రతిభాగమునకు మీ యింటి పెద్దలు వాడు తెలుగు పేరును, కన్నడపు పేరును వ్రాయుడు.

2. మీకు దగ్గఱనున్న దేవాలయపు చూరుమీద కూడులు ఎన్ని గలవో లెక్కించి, వాని లోపల ఏమి చెక్కబడినదో గుర్తింపుడు.

3. ఒక వడ్రంగి యొద్దకు పోయి, మేకు లేకుండ రెండు కొయ్యలను గలుపు విధమును అడిగి నేర్చుకొనుడు. ఆయనను గురువుగా భావించి నమస్కరించి రండు.